మదనపల్లె దొరా, మా వాయల్పాటవ్వా

"తాతయ్యా, మనకు అమెరికా పూర్వీకుడు ఎవరైనా వున్నారా?"

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికి వచ్చిన వేళ, వీడియో ఫోనులో మా మనవరాలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లుండేది అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్ అనే వూరు. మేముండేది తిరుపతి. దానికి పదమూడేళ్లు. బళ్లో ఒక వ్యాసం రాసుకురమ్మన్నారట: పందొమ్మిదో శతాబ్దంలో జీవించిన ఒక అమెరికా పూర్వీకుడి జీవితమూ, కుటుంబమూ. అలాంటి పూర్వీకుడు లేనివాళ్లు, తమ కుటుంబానికి ఏదో విధంగా సంబంధం వున్న ఆ కాలపు అమెరికావాణ్ణి ఎవరినైనా ఎంచుకోవచ్చునట.

"మా క్లాసులో ఒకమ్మాయి ముత్తాత తండ్రి రైలు పట్టాలు వేశాడట తాతయ్యా. ఇంకొకడి తాత తాత సివిల్ వార్‌లో యుద్ధం చేశాడట. నేనేం రాయను?" అన్నది. మొహం చిన్నబోయి వుంది.

"మన పూర్వీకులు అప్పుడు వాయల్పాడులో వేరుశెనగ వేసుకుంటున్నారమ్మా!" అని నవ్వేశాను. అది నవ్వలేదు. ఫోను పెట్టేశాక మా ఆవిడ కూడా నవ్వలేదు.

"పిల్ల ఏదో అడిగితే అలాగేనా చెప్పడం? మీ అవ్వ చెప్పేదన్నారే, మదనపల్లె దొర కథ. అది చెప్పరాదూ?" అన్నది.

నేను తపాలా శాఖలో ముప్పయి ఆరేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. చిరునామా సరిగా లేని వుత్తరాలు ఎన్నింటినో గమ్యం చేర్చాను. చేరని వాటిని డెడ్ లెటర్ ఆఫీసుకు పంపాను. మా ఇంట్లోనే నూటయాభై ఏళ్లుగా బట్వాడా కాని వుత్తరం ఒకటి పడివున్నదని ఆ క్షణం దాకా తోచలేదు.

ఆ కథ ఇది. మా అమ్మమ్మను మేము అవ్వ అనేవాళ్లం. ఆమె తల్లి, అంటే నాకు ముత్తవ్వ, పసిపిల్లగా వున్నప్పుడు జ్వరం పట్టుకొని ఎంతకీ వదల్లేదట. ఆ వైపుకు ఇంకా రైలు రాని రోజులు. నాటు మందులూ, తాయెత్తులూ అయిపోయాయి. చివరికి వాయల్పాడు నుంచి రాత్రంతా ఎద్దుల బండి కట్టుకొని మదనపల్లె తీసుకుపోయారు. అక్కడ అమెరికా దొర ఒకడు వూరికే మందులిస్తున్నాడని విన్నారు. పేరు చాంబర్లేను దొర.

మాది మడీ ఆచారమూ వున్న ఇల్లు. దొర చేత్తో కలిపిన మందు, అందులో ఎవరు తోడిన నీళ్లో! అయినా పిల్ల ప్రాణం ముఖ్యం. తాగించారు. జ్వరం దిగింది. పిల్ల లేచి కూర్చుంది. తిరిగి ఇంటికి రాగానే ఏం చేశారనుకున్నారు? పిల్లకు తలమీద నీళ్లు గుమ్మరించి, పంచగవ్యం తాగించి, బండిని కూడా కడిగారు. "ఈ మాట బయట పొక్కకూడదు" అని అందరి చేతా ఒట్టు వేయించారు. దొరకు కృతజ్ఞత చెప్పడానికి ఎవరూ వెళ్లలేదు. అవ్వ ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించి చెప్పేది, గోడకు అవతల ఇంకా ఆ పెద్దలు కూర్చొని వున్నట్టు.

కథలో ఇంకొక ముక్క వుంది. మందుతోపాటు ఒక చీటీ ఇచ్చారట. దాని వెనుక తెలుగులో ఏవో వాక్యాలు అచ్చువేసి వున్నాయట. దొర మతానికి సంబంధించిన మాటలే అయివుంటాయి. పెద్దవాళ్లు దాన్ని పారేయమన్నారు. పిల్ల పారేయలేదు. పసుపు డబ్బాలో దాచింది. వీధిబడికి పోయే అన్న దగ్గర కూర్చొని, ఆ చీటీ మీద అక్షరాలు ఒక్కొక్కటీ వేలుపెట్టి అడిగి నేర్చుకుంది. ఆ ఇంట్లో చదువు నేర్చిన మొదటి ఆడపిల్ల ఆమె. ఆమె మా అవ్వకు నేర్పింది. అవ్వ మా అమ్మకు నేర్పింది. వారపత్రిక వచ్చిన రోజున అవ్వ వసారాలో కూర్చొని సీరియల్ పైకి చదువుతూ వుంటే, చుట్టూ పదిమంది ఆడవాళ్లు చేరి వినేవాళ్లు. ఆ ఒళ్లో కూర్చొనే నాకు అక్షరాలు వచ్చాయి. చీటీని మాత్రం ఎప్పుడో చెదలు తినేసింది.

ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు. మందిచ్చింది దొరేనో, ఆయన దగ్గర పనిచేసే కంపౌండరో కూడా తెలియదు. సాక్ష్యం చెదల కడుపులోకి పోయింది. అయినా మా ఆవిడ చీర మార్చుకొని, మజ్జిగ సీసా సంచిలో పెట్టుకొని బయలుదేరింది. ఆమె వెనకాల నేనూ బయలుదేరాను.

నేరుగా మదనపల్లె పోవాలంటే తిరుపతి నుంచి భాకరాపేట కనుమ మీదుగా పీలేరు దారి దగ్గర. మేము మాత్రం చిత్తూరు దారి పట్టాము. ఎందుకంటే ఈ కథ మదనపల్లెలో మొదలుకాలేదు. ఏ వుత్తరానికైనా పంపినవాడి చిరునామా మొదట చూడడం నాకు అలవాటు.

తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బయి కిలోమీటర్లు. చంద్రగిరి కోట కుడివైపున కనిపించి మాయమవుతుంది. ఆ తర్వాత మామిడితోటలు. ఇప్పుడు చిత్తూరు అంటే మామిడిపండ్ల రసం ఫ్యాక్టరీలు గుర్తుకొస్తాయి గాని, 1911 వరకూ ఇది వుత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. తిరుపతి కూడా ఆ జిల్లాలోదే. రాయవేలూరు కూడా ఆ జిల్లాలోదే. దొరలు తమ సంఘానికి ఆర్కాటు మిషన్ అని పేరు పెట్టుకున్నది అందువల్లనే.

ఆ మిషన్ పుట్టుక వెనుక వున్నది ఒకే ఒక్క కుటుంబం. జాన్ స్కడర్ అనే డాక్టరు 1793లో న్యూజెర్సీలోని ఫ్రీహోల్డ్‌లో పుట్టాడు. మా మనవరాలు వుండే ఎడిసన్‌కు కారులో పోతే ఎంతో దూరం కాదు! న్యూయార్కులో మంచి ప్రాక్టీసు వున్న మనిషి. ఒకనాడు ఒక రోగి ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చొని, బల్లమీద వున్న చిన్న పుస్తకం ఒకటి చదివాడు. క్రైస్తవం తెలియని కోట్లాది జనం గురించిన పుస్తకం అది. ఇక ఆయన మనసు న్యూయార్కులో నిలవలేదు. 1819లో భార్య హ్యారియెట్‌తో, చిన్న కూతురితో ఓడ ఎక్కాడు. సూయజ్ కాలువ ఇంకా లేదు. ఆఫ్రికా కింద కొసను చుట్టి రావాలి. కలకత్తా చేరగానే ఆ పాప చనిపోయింది. వాళ్లు తిరిగి వెళ్లలేదు. సింహళంలో యాళ్పాణం పోయి వైద్యం చేశారు. 1836లో మద్రాసు వచ్చారు. అమెరికా నుంచి పరదేశాలకు వెళ్లిన వైద్య మిషనరీలలో ఆయనే మొదటివాడంటారు. హ్యారియెట్ 1849లో మద్రాసులోనే కన్నుమూసింది. ఆయన 1855లో, ఆరోగ్యం కోసం ఆఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రానికి వెళ్లి అక్కడ పోయాడు.

పిల్లల సంగతి వినండి. ఏడుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు అదే పనిలోకి వచ్చారు. వాళ్లలో హెన్రీ, విలియం, జోసెఫ్ అనే ముగ్గురు అన్నదమ్ములు కలిసి 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. మొదటి ఠాణాలు మూడు: వేలూరు, ఆరణి, చిత్తూరు. తర్వాత మనవలు, మునిమనవలు వచ్చారు. నాలుగు తరాల్లో నలభైమందికి పైగా ఈ దేశంలో పనిచేశారని లెక్క చెబుతారు.

చిత్తూరు బస్టాండులో దిగి, ఎండలో నిలబడి ఈ వివరాలు మా ఆవిడకు చెబుతూ వుంటే ఆమె ఒక ప్రశ్న వేసింది. "ఆ వేలూరు ఆసుపత్రి పెట్టినామె వీళ్ల మనిషేనా?"

అవును. అందరికన్నా చిన్న కొడుకు జాన్‌కు 1870లో రాణిపేటలో పుట్టిన కూతురే ఐడా స్కడర్. ఆమెకు మిషనరీ కావాలని లేదు. అమెరికాలో చదువుకొని, తల్లికి జబ్బు చేసిందంటే చూసిపోదామని తిండివనం వచ్చింది. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ ప్రసవం కాక అవస్థపడుతున్నారు. మా నాన్న డాక్టరు, ఆయన వస్తాడన్నది ఐడా. పరాయి మగవాడు మా ఆడవాళ్లను చూడకూడదన్నారు వాళ్లు. తెల్లవారేసరికి ముగ్గురూ చనిపోయారు. ఆమె తిరిగి అమెరికా వెళ్లి, 1899లో డాక్టరై, 1900లో వేలూరు వచ్చింది. 1902లో ఆసుపత్రి. 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల. చివరిదాకా ఇక్కడే వుండి 1960లో కొడైకెనాల్‌లో పోయింది.

చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. మా జిల్లాలో ఏ ఇంటివాళ్లనైనా అడగండి, ఇంటికొకరు వేలూరు ఆసుపత్రి వరండాలో ఒక రాత్రి పడుకొని వుంటారు. మా ఆవిడ గుండెకు అక్కడే ఆపరేషను జరిగింది. ఆ పది రోజులూ నేను బయట సత్రంలో పడుకొన్నాను గాని, ఆ పెద్ద ఆసుపత్రికి మూలం మన చిత్తూరులో అడుగుపెట్టిన అన్నదమ్ముల ఇల్లని ఒకసారీ ఆలోచించలేదు. ఇప్పుడా ఆసుపత్రివాళ్లు చిత్తూరు దారిలో గుడిపాల దగ్గర కూడా ఒక ఆవరణ పెట్టారు. ఇల్లు తిరిగి వచ్చినట్టే.

"మూడు ప్రాణాలు మడికి పోయాయన్నమాట. మన ముత్తవ్వకు మాత్రం దాటించారు" అన్నది మా ఆవిడ. నేను మాట్లాడలేదు.

చిత్తూరులో పలమనేరు బస్సు ఎక్కాము. మొగిలి దాకా ఎండ. అక్కడినుంచి కనుమ. బస్సు మలుపులు తిరుగుతూ పైకి ఎక్కుతూ వుంటే గాలి చల్లబడుతుంది. పలమనేరులో దిగేసరికి మా ఆవిడ పైట భుజాల చుట్టూ కప్పుకుంది. మెట్ట ఎక్కితే మైసూరు గాలి వచ్చేస్తుంది మరి.

జేకబ్ చాంబర్లేన్ మొదట పనిచేసింది ఈ పలమనేరులోనే. పుట్టింది 1835లో, కనెక్టికట్ రాష్ట్రంలో షారన్ అనే వూళ్లో. ఒహాయోలో కాలేజీ చదువు. తర్వాత 1859లో మతవిద్య ముగించింది ఎక్కడనుకున్నారు? న్యూజెర్సీలో న్యూబ్రన్స్‌విక్‌లో! ఎడిసన్‌కు అది పక్క వూరే. మా మనవరాలు ఆ వీధుల్లో ఐస్‌క్రీము తిన్న ఫొటోలు నా దగ్గర వున్నాయి. వైద్యం కూడా నేర్చుకున్నాడు. ఆ సంవత్సరమే షార్లెట్ బర్జ్ అనే అమ్మాయిని పెళ్లాడాడు. కొత్త దంపతులు ఓడెక్కి 1860లో మద్రాసు దిగారు. అతనికి పాతికేళ్లు.

1863లో మదనపల్లె వచ్చి ఠాణా పెట్టాడు. అప్పుడది కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి పోయింది. వూరు కదలకపోయినా చిరునామా మారుతూనే వుంది. నాలాటి తపాలావాడికి ఇది బాగా తెలుసు.

పలమనేరు నుంచి పుంగనూరు. పొట్టి ఆవులకు పేరుపడ్డ వూరు. ఆపైన మదనపల్లె. టమాటా గంపలు ఎక్కించిన లారీల వెనుక మా బస్సు నత్తలా నడిచింది. ఈ వూరి టమాటా ధర మద్రాసు వంటింట్లో కూడా వినబడుతుంది. నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాల చప్పుడు సరేసరి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ వూళ్లో. రవీంద్రుడు 1919లో ఇక్కడి కాలేజీలో వుండి జనగణమనను ఇంగ్లీషు చేసింది కూడా ఇక్కడే. వూరికి వాయవ్యంగా ఏనుగు మల్లమ్మ కొండ నీలంగా నిలబడి వుంటుంది. దాన్నే హార్స్‌లీ కొండ అంటున్నాము. అదిన్నీ ఒక కలెక్టరు దొర పేరే.

ఇక మన దొర సంగతి. మనిషి ఒకచోట కూర్చొనే రకం కాదు. 1863లోనే కొందరు సహచరులతో నిజాం రాజ్యం మీదుగా గోదావరి అడవుల దాకా నెలల తరబడి ప్రయాణం చేశాడు. ఒకనాటి సాయంత్రం వరద గోదావరి ఒకవైపు, పులులున్న అడవి ఒకవైపు. దాటడానికి పడవ లేదు. పొదల్లో తడుముకుంటూ ఏటి ఒడ్డుకు పోతే, పైనుంచి కట్లు తెంపుకొని కొట్టుకొచ్చిన పెద్ద పంటు ఒకటి చెట్టుకు తగులుకొని కనిపించిందట. ఆ రాత్రి దానిమీదే పడుకొని బతికారట. ఆయన రాసిన పుస్తకాల్లో ఒకదాని పేరుకు అర్థం 'పులుల అడవిలో' అని. 1896లో అచ్చయింది. మొరాయించే గుర్రాన్ని చెవికి దారం చుట్టి నడిపించిన కథ కూడా అందులో వుంది. అమెరికాలో ఇంటింటా పిల్లలు ఆదివారాలు చదివే కథలవి. ఆ పుస్తకాల పుణ్యమా అని, మదనపల్లె అనే పేరు పలకడానికి ఎందరు అమెరికా పిల్లలు నాలుక మెలి తిప్పుకొన్నారో!

మదనపల్లెలోనూ, పలమనేరులోనూ వుచిత వైద్యశాలలు పెట్టాడు. వుచితమంటే పూర్తిగా వుచితం కాదు లెండి. మందుతోపాటు మతమూ వినాలి. ఆ మాట దాచి చెబితే పిల్లకు అబద్ధం నేర్పినట్టవుతుంది. ఆయన వచ్చింది మనను మార్చడానికే. మన దేవుళ్ల గురించి ఆయన రాసిన మాటలన్నీ మనకు రుచించేవి కావు. కాని ఆ పనికోసం తెలుగు నేర్చాడు. నేర్చాడంటే అలా ఇలా కాదు. తెలుగు బైబిలును సవరించే సంఘానికి 1873 నుంచి ఇరవై ఏళ్లపాటు అధ్యక్షుడుగా కూర్చున్నాడు. ఏ మాట గ్రాంథికం, ఏ మాట బజారు మాట, పల్లెలో ఆడకూతురికి ఏది అర్థమవుతుంది అని చర్చలు పడుతూ కూర్చున్న ఆ సంఘాన్ని తలచుకుంటే, మా ముత్తవ్వ చీటీ గుర్తుకొచ్చింది. మా ఇంటికి అక్షరం ఆ తోవనే వచ్చిందేమో.

కుటుంబం సంగతికొస్తే, పెద్దకొడుకు విలియం 1862లో మద్రాసులో పుట్టాడు. అమెరికా వెళ్లి చదువుకొని వచ్చి, వేలూరులో ఇప్పటికీ వున్న వూరీస్ కాలేజీని నిలబెట్టాడు. తర్వాత న్యూబ్రన్స్‌విక్‌లోనే రట్గర్స్ కాలేజీలో ఆచార్యుడుగా పాఠాలు చెప్పాడు. ఇంకొక కొడుకు లూయీ తండ్రితోపాటు మదనపల్లెలో పనిచేశాడు. తండ్రి మాత్రం 1908 మార్చి 2న మదనపల్లెలోనే కన్నుమూశాడు. మరి మూడేళ్లకు, 1911లో, ఇక్కడ ఆడవాళ్లకోసం మిషన్ ఆసుపత్రి లేచింది. 1915లో వూరి బయట ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం లేచింది. క్షయ అంటే మనిషి బతకడని లెక్కవేసిన రోజుల్లో, తెలుగువాళ్లూ తమిళులూ మదనపల్లె గాలికని రైలెక్కి వచ్చేవాళ్లు. పాత నవలల్లో నాయికకు దగ్గు వస్తే తర్వాతి వారం ఆమె మదనపల్లె చేరేది, మీకు గుర్తుండే వుంటుంది.

సాయంత్రం నాలుగింటికి చర్చి దగ్గర చింతచెట్టు కింద కూర్చొన్నాము. పక్కన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. పాతకాలపు బడి అయ్యవారని చూడగానే తెలిసింది. "ఎవరి తాలూకు మీరు?" అని అడిగాడు. మా రాయలసీమలో ఈ ప్రశ్న తప్పదు.

ఏమని చెప్పను? ఇంతదాకా వచ్చాక దాచడమెందుకని మొత్తం చెప్పాను. బండి, జ్వరం, మందు, తర్వాత తలమీద గుమ్మరించిన నీళ్లు. బండి కడిగిన దగ్గర నా నోరు తడబడింది. ఎదురుగా వున్నాయన తాతముత్తాతలు ఎవరో, ఆ నీళ్లు తోడినవాళ్లే కావచ్చు కదా?

ఆయన నవ్వాడు. "మా తాత ఆ దవాఖానాలో నీళ్లకుండ దగ్గర వుండేవాడని మా ఇంట్లో చెప్పుకుంటారు సార్. మీ అవ్వకు మందులో కలిపిన నీళ్లు ఆయన తోడినవేనేమో!" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఆయనే మళ్లీ అన్నాడు: "దొర మీకు మందిచ్చాడు. మాకు పలక ఇచ్చాడు. మీరు మందు తాగి ఇంటికి పోయినారు. మేము పలక పట్టుకొని ఇక్కడే వున్నాము. నేను నలభై ఏళ్లు పిల్లోళ్లకు అక్షరాలు చెప్పినాను."

"మాకూ అక్షరమే ఇచ్చాడండీ" అని చీటీ సంగతి చెప్పాను. ఆయన గొడుగు పక్కన పెట్టి, చీటీలో ఏమి రాసివుండేదో, ఎంత వుండేదో గుచ్చిగుచ్చి అడిగాడు. చెదలు తిన్నదంటే ఆయన మొహం నాకంటే ఎక్కువ చిన్నబోయింది. మా ఆవిడ సంచిలోని మజ్జిగ సీసా తీసి ఆయనకు ఇచ్చింది. ఆయన తాగి తిరిగి ఇచ్చాడు. అదే సీసా నేను తాగాను. ఇందులో గొప్పేమీ లేదు. ఈ కాలంలో ఎవరూ గమనించరు కూడా. కాని ఆ బండి కడిగిన నీళ్లు మా ఇంటి వాకిట్లో ఆ సాయంత్రానికి ఆరాయని నాకు అనిపించింది.

రాత్రి బసలో మనవరాలికి ఫోను చేశాను. అన్నీ వరసగా చెప్పాను. షారన్, ఒహాయో, న్యూబ్రన్స్‌విక్, 1859 పెళ్లి, 1863, 1873, పుస్తకం, కొడుకుల పేర్లు, చనిపోయిన తేదీ. మడి సంగతి చెప్పాలా వద్దా అని మా ఆవిడ వైపు చూశాను. చెప్పమన్నట్టు తలవూపింది. అదీ చెప్పాను. పిల్ల టకటకా రాసుకుంటూ వుంది. చివరికి తల ఎత్తి అడిగింది:

"ఆ జ్వరం వచ్చిన పాప పేరేమిటి తాతయ్యా?"

నేను నోరు తెరిచాను. మూశాను.

దొర భార్య పేరు తెలుసు. ఆయన కొడుకు ఏ సంవత్సరంలో ఎక్కడ పుట్టాడో తెలుసు. నా సొంత ముత్తవ్వ పేరు నాకు తెలియదు! మా ఇంట్లో ఆమెను అందరూ వాయల్పాటవ్వ అనేవాళ్లు. వూరి పేరే ఆమె పేరు. అవ్వను నేను అడగలేదు. అమ్మను అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

"రేపు చెబుతానమ్మా" అన్నాను.

మర్నాడు తిరుగు ప్రయాణం పీలేరు దారిన. ఆ దారిలోనే వాయల్పాడు. ఇప్పుడు దాన్ని వాల్మీకిపురం అంటున్నారు. పట్టాభిరాముడి గుడి దగ్గర దిగాము. దూరపు బంధువు ఒకావిడ, మా అమ్మకు పినతల్లి కూతురు, అక్కడే వుంది. నాకు చిన్నమ్మ వరస. తొంభై దాటిన మనిషి. చూపు ఆనదు గాని చెవులు బాగున్నాయి. మంచం పట్టెమీద కూర్చొని, మా ఆవిడ చేయి పట్టుకొని, "ఇన్నాళ్లకు దోవ తెలిసిందా?" అని దెప్పి, తర్వాత మేము వచ్చిన పని విన్నది.

"పేరెందుకురా ఆమెకు? అవ్వా అంటే పలికేది" అన్నది.

"కాదు చిన్నమ్మా, పుట్టినప్పుడు ఒక పేరు పెట్టి వుంటారు కదా?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తమలపాకు ఈనె తీస్తూ కూర్చుంది. తర్వాత వున్నట్టుండి తల ఎత్తింది. "నీ తెలివి తెల్లారినట్టే వుంది! ఇంటికి తొలి మనవరాలు పుడితే అవ్వ పేరు పెట్టేది మన ఆనవాయితీ కాదా? తొలి మనవరాలు ఎవరు? మీ అమ్మ. మీ అమ్మ పేరేమిటో అది కూడా నన్నే అడుగుతావా?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఎందుకంటే, మా అమ్మ పోయిన సంవత్సరమే మా మనవరాలు పుట్టింది. పిలుపుకు ఏదో నాజూకు పేరు పెట్టారు గాని, బియ్యంలో రాసింది మా అమ్మ పేరే. అమెరికా పాస్‌పోర్టులో రెండో పేరుగా అదే వుంది. బళ్లో ఎవరూ సరిగా పలకలేరని ఆ పిల్ల దాన్ని పొట్టి చేసి ఒక్క అక్షరంగా రాసుకుంటూ వుంటుంది.

భాకరాపేట కనుమలో బస్సు దిగుతూ వుంటే చీకటి పడింది. తిరుపతి దీపాలు కనిపించే వేళకు ఎడిసన్‌లో పొద్దు పొడిచి వుంటుంది. ఇంటికి చేరి కాళ్లు కూడా కడుక్కోకుండా ఫోను చేశాను. చెప్పాను.

కాసేపు అటునుంచి చప్పుడు లేదు. "అది నా పేరే కదా తాతయ్యా" అన్నది.

"అవునమ్మా. పొట్టి చేయకుండా పూర్తిగా రాయి" అన్నాను.

ఆ పేరేమిటో మీరూ తెలుసుకోవాలనుకుంటారు. క్షమించండి. మొదట అది తన బళ్లో పైకి చదవాలి, ఆ హక్కు దానిది. ఈలోగా మీ ఇంట్లో పెద్దావిడ ఎవరైనా వుంటే, ఆమె పక్కన కూర్చొని ఆమె అవ్వ పేరేమిటో అడిగి చూడండి.